కాళ్ళకు పని చెప్పే విమానం

ఆడపిల్ల ఏదైనా కొత్తగా నేర్చుకుంటానంటే మన ఇళ్ళల్లో మొదట వచ్చే మాట "సులువుగా ఉండేది చూసుకో" అని. బండి అంటే గేర్లు లేని స్కూటీ. ఇంటర్ అంటే లెక్కలు లేని గ్రూపు. కుట్టుమిషన్ అంటే మోటారు పెట్టిన మిషన్. ఎవరూ చెడ్డ మనసుతో అనరు, ప్రేమతోనే అంటారు. అయినా ఈ మాట మీద ఈమధ్య నాకు గట్టి అభిప్రాయమే ఒకటి ఏర్పడింది. దానికి కారణం ఒక చిన్న విమానం కాబట్టి ఇవాళ విమానం గురించే రాస్తాను.

గద్వాలలో కూర్చుని విమానం గురించి రాయడమేంటని నవ్వుకోకండి. శంషాబాద్ మాకు మూడు గంటల దారి. కర్నూలు దాటితే ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి. పైగా ఈ రోజుల్లో పాలమూరులో ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు అమెరికాలో ఉన్నారు. విమానాశ్రయంలో ఏ గేటు దగ్గర ఏం తినొచ్చో మా అత్తమ్మ కూడా చెప్పగలదు.

నా పుట్టిల్లు వనపర్తి. నన్ను గద్వాలకిచ్చారు, మా చెల్లెల్ని నాగర్‌కర్నూలుకిచ్చారు. చెల్లెలి కూతురు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్ల రెండు నెలలుగా వారాంతాల్లో విమానం నడపడం నేర్చుకుంటోంది. పైలట్ ఉద్యోగం కోసం కాదు, ఇష్టంతో. అక్కడ సొంత సరదాకి నడుపుకునే లైసెన్సు వేరే ఉంటుంది, దానికి తక్కువలో తక్కువ 40 గంటలు ఎగరాలి. మన దేశంలో ఉద్యోగానికి పనికొచ్చే లైసెన్సుకైతే 200 గంటలు కావాలి. ఆ దేశపు పౌరులు కానివాళ్ళు మొదలుపెట్టే ముందు అక్కడి రవాణా భద్రతా శాఖ అనుమతి కూడా తెచ్చుకోవాలి. ఈ పిల్ల వేలిముద్రలు ఇచ్చి, అనుమతి వచ్చేదాకా ఆగి, జీతంలో దాచుకున్న డబ్బుతో చేరింది. చదువుకు తీసుకున్న అప్పు కూడా నెలనెలా తనే కడుతోంది. ఆ లెక్క చెల్లెలి మొగుడికి పైసాతో సహా తెలుసు.

చేరిన సంగతి ఇంట్లో చెప్పినప్పుడు గొడవ కాలేదు. "ఏదో సరదా" అనుకున్నారు. గొడవంతా తర్వాత వచ్చింది. నేర్చుకోవడానికి ఆ ఊళ్ళో రెండు రకాల విమానాలున్నాయట. ఒకటి అందరూ నేర్చుకునేది, ముక్కు కింద చక్రం ఉన్నది. రెండోది పాతకాలపు పద్ధతిది, తోక కింద చక్రం ఉన్నది. పిల్ల రెండోది ఎంచుకుంది. అది కష్టమని తనే ఫోన్లో చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు అంటాను నేను, తల్లికి కష్టమని చెప్పడం!

మా చెల్లెలు నాకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వన్న చెప్పే దానికి. అసలు నేర్చుకునుడే ఎందుకంటే, మల్ల గా తోకచక్రందంట. సులువుది నేర్చుకొమ్మను. నీ మాటైతే ఇంటది." వెనక నుంచి మరిది గొంతు వినిపిస్తోంది: "సంబంధాలు చూస్తున్నమని గూడ చెప్పు."

చెప్పడానికి ముందు ఆ తోకచక్రం సంగతేంటో తెలుసుకుందామని పిల్లతోనే రెండు మూడు రాత్రులు మాట్లాడాను. "పెద్దమ్మా, నీకు నిజంగా వినాలనుందా?" అని అడిగింది. వినాలనే ఉంది. తెలుగు బీయే చదివినదాన్ని, లెక్కలంటే నాకూ దూరమే. కానీ ఈ సంగతి అర్థం కావడానికి లెక్కలు అక్కర్లేదు.

మనం ఎక్కే పెద్ద విమానాలకు ముక్కు కింద చక్రాలుంటాయి, వెనక రెక్కల దగ్గర పెద్ద చక్రాలుంటాయి. నేల మీద బల్లపరుపుగా నిలబడతాయి. తోకచక్రం విమానానికి పెద్ద చక్రాలు రెండూ ముందుంటాయి. మూడోది తోక కింద, చిన్నది. అందుకని నేల మీద ఉన్నప్పుడు కుక్క కూర్చున్నట్టు ముక్కు పైకెత్తి, తోక దించి కూర్చుంటుంది. నడిపేవాళ్ళకు ఎదురుగా దారి కనబడదు, ఇంజను అడ్డం. చాలా విమానాల్లో రన్‌వే దాకా వెళ్ళడానికే పాములా వంకరటింకరగా పోతూ, ఒకసారి ఎడమ పక్క నుంచి ఒకసారి కుడి పక్క నుంచి తొంగి చూసుకోవాలి.

అసలు చిక్కు అది కాదు. బరువు ఎక్కువగా పెద్ద చక్రాలకు వెనక వైపు ఉంటుంది. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ముందుకు పోతుంటే ట్రాలీ బుద్ధిగా వెనకే వస్తుంది కదా. అదే రివర్స్ తీసేటప్పుడు చూడండి. కాస్త వంకర పోయిందంటే ఇంకా వంకర పోతుంది, ఊరుకుంటే అడ్డంగా మడత పడుతుంది. తోకచక్రం విమానం నేల మీద పరిగెత్తేటప్పుడు అలాంటిదే. తోక కొంచెం పక్కకు జరిగితే వెనకున్న బరువు ఇంకా జరుపుతుంది. సర్దకపోతే విమానం ఉన్నచోటే గిర్రున తిరిగిపోతుంది. గ్రౌండ్ లూప్ అంటారట. రెక్క కొస నేలకు తగలొచ్చు, చక్రాల కాళ్ళు విరగొచ్చు. ముక్కుచక్రం విమానంలో బరువు పెద్ద చక్రాలకు ముందుంటుంది. కొంచెం వంకరగా దిగినా ఆ బరువే లాగి దాన్ని తిన్నగా చేస్తుంది. అంటే నడిపేవాళ్ళు చేసిన చిన్న పొరపాటును విమానమే మింగేస్తుందన్న మాట.

ఇక కాళ్ళు. విమానం తోక మీద నిలువుగా, తలుపులా అటూ ఇటూ తిరిగే పలక ఒకటుంటుంది, రడ్డర్ అంటారు. దాన్ని తిప్పేది కాళ్ళ కిందున్న రెండు పెడళ్ళు. ఇంజను పూర్తిగా తెరిచి పరిగెత్తిస్తే ఆ పిల్ల నడిపే రకం విమానం ముక్కు ఎడమకు లాగుతుంది, కుడికాలు వెయ్యాలి. వేగం పుంజుకుని తోక లేవగానే ఎడమకు ఇంకో గుంజు గుంజుతుంది, మళ్ళీ కుడికాలు. దిగేటప్పుడు మూడు చక్రాలూ ఒకేసారి నేలను తాకేట్టు, కర్రను ఒడిలోకి లాక్కుంటూ, నేల మీద నుంచి జానెడు ఎత్తులో ఆపి ఆపి దించాలి. దిగాక కూడా పని అయిపోదు. పూర్తిగా ఆగేదాకా కాళ్ళు ఆడుతూనే ఉండాలి. "చేతులతో నడుపుతామనుకున్నా పెద్దమ్మా, అంతా కాళ్ళే" అంది.

నాకు ఆ మాటకు మా అమ్మ కుట్టుమిషన్ గుర్తొచ్చింది. కాలితో తొక్కే మిషన్. మొదట్లో కాలు సరిగ్గా పడకపోతే చక్రం వెనక్కి తిరిగి దారం టప్పున తెగేది. చెయ్యి గుడ్డను ఎంత బాగా పట్టుకున్నా లాభం లేదు, కాలికి తెలియాలి. మా గద్వాల మగ్గాల దగ్గరా అంతే. మా చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలిపెట్టి నేస్తారు. జనం చూసేదంతా చేతులనే. గుంటలో దిగిన కాళ్ళు ఏం చేస్తున్నాయో ఎవరూ వంగి చూడరు.

ముక్కుచక్రం విమానాల్లో నేర్చుకున్న చాలామందికి కాళ్ళు బద్ధకిస్తాయని గురువులు అంటారట. విమానం మంచిదై ఊరుకుంటుంది కాబట్టి కాళ్ళకు పని చెప్పాలని వాళ్ళకు తోచదు. అమెరికాలో తోకచక్రం విమానం నడపాలంటే మామూలు లైసెన్సు ఒక్కటే చాలదు. దాన్ని నడపగలరని గురువు పుస్తకంలో వేరుగా రాసివ్వాలి. 1991 ఏప్రిల్‌కు ముందే అలాంటిది సొంతంగా నడిపినవాళ్ళకు మాత్రం మినహాయింపు. మొదటి నుంచీ తోకచక్రం మీదే నేర్చుకున్నవాళ్ళు ముక్కుచక్రం దానిలోకి మారడానికి మాత్రం అలాంటి కాగితం అడగరు.

ఇప్పుడు నన్ను కదిలించిన సంగతికి వస్తాను. ఒకప్పుడు ఇది "కష్టమైన విమానం" కాదు. విమానం అంటేనే ఇది. వేరే రకం పెద్దగా లేనే లేదు. ముక్కుచక్రం చిన్న విమానాలు జనంలోకి బాగా వచ్చింది 1950లలో. 1956లో అమ్మకానికొచ్చిన సెస్నా 172ను కారు నడిపినంత తేలికని చెప్పి అమ్మారు. ఇప్పటికి అలాంటివి 44,000 పైన తయారయ్యాయి. ప్రపంచంలో ఇంకే రకం విమానమూ అన్ని తయారు కాలేదు. అంతకు ముందు మన దేశంలో ఎగరడం నేర్చుకున్న ఆడవాళ్ళు ఎవరైనా సరే, అక్షరాలు దిద్దింది తోక నేలకు ఆనించిన విమానంలోనే.

సరళా ఠక్రాల్ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1936లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, లాహోర్‌లో జిప్సీ మాత్ అనే చిన్న రెండు రెక్కల విమానాన్ని ఒంటరిగా నడిపింది. చీరలో. అప్పటికే ఆమెకు నాలుగేళ్ళ కూతురు. పదహారో ఏట పెళ్ళయింది, భర్త విమానాల్లో టపా మోసే పైలట్, ఆ ఇంట్లో పైలట్లే తొమ్మిది మంది. కోడలిని నేర్చుకోమని ఉత్సాహపరిచినవాళ్ళలో మామగారు కూడా ఉన్నారు. (ఈ మామగారి సంగతి మా మరిదికి ప్రత్యేకంగా చెప్పాను.) ఆ విమానం ఎలాంటిదంటే, తోక కింద చక్రం కూడా ఉండేది కాదు, నేల మీద ఈడ్చుకుంటూ పోయే చిన్న కర్రలాంటిది ఉండేది. బ్రేకులు లేవు. పైన కప్పు లేదు. గురువు ఒక గుంటలో, శిష్యులు ఇంకో గుంటలో కూర్చుని రబ్బరు గొట్టంలోంచి మాట్లాడుకునేవాళ్ళు. సరళ అలాంటి దానిలో వెయ్యి గంటలు పూర్తి చేసింది.

ఆమె కథ అక్కడితో ఆగలేదు. 1939లో భర్త విమాన ప్రమాదంలో పోయాడు. ఉద్యోగం చేసే పైలట్ కావాలని జోధ్‌పూర్ వెళ్ళింది. ఈలోగా యుద్ధం వచ్చి ఆ శిక్షణ ఆపేశారు. తిరిగి లాహోర్ వచ్చి బొమ్మలు గీయడం నేర్చుకుంది. దేశ విభజన తర్వాత ఇద్దరు కూతుళ్ళతో ఢిల్లీ చేరి, చీరల మీద అద్దకాలు, నగల డిజైన్లు చేసి బతికింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 2008లో కన్నుమూసింది. ఆమె గురించి రాసేవాళ్ళు చీరలో విమానం నడిపిందని ఆ ఒక్క ఫొటో దగ్గరే ఆగిపోతారు. నాకైతే ఆ తర్వాతి జీవితమే పెద్దగా కనిపిస్తుంది. విమానం నేర్చుకోవడం వల్లే అంత నిబ్బరం వచ్చిందని నేను చెప్పను, అలా చెప్పడం కథలల్లడం అవుతుంది. కాకపోతే, ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు ఆమెకు ఎవరూ తేలికది వెతికి ఇవ్వలేదు.

ఇంకొకామె మనకు మరీ దగ్గర. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ అప్పుడు హైదరాబాదు సంస్థానంలోనివే కదా. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ అని పెట్టారు, బేగంపేట నుంచి నడిచేది. 1947లో ప్రేమ్ మాథుర్ అనే అమ్మాయి అలహాబాదులో లైసెన్సు సంపాదించి ఉద్యోగానికి ఎనిమిది కంపెనీల తలుపు తట్టింది. ఆడమనిషి నడిపితే ప్రయాణికులు ఎక్కరని అందరూ వద్దన్నారు. తీసుకున్నది డెక్కన్ ఎయిర్‌వేస్. అంటే ప్రయాణికుల విమానం నడపడానికి మన దేశంలో మొదటిసారి ఒక ఆడమనిషిని కూర్చోబెట్టింది మన హైదరాబాదు కంపెనీ. ఆ కంపెనీ విమానాలు డకోటాలు. అవీ తోకచక్రంవే! రెండు ఇంజన్లతో, అంత పెద్ద ఒళ్ళుతో, ముక్కెత్తి కూర్చునేవి. 1949లో ఆమె జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. కో-పైలట్‌గా ఎన్ని రోజులు చేసినా కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదని, అందుకే అక్కడ మానేసిందని చెబుతారు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఆ ఏడే అందులో కలిసిపోయింది.

తోకచక్రం మనకు పాత చుట్టమే అనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. 1958లో బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో పుష్పక్ అనే చిన్న విమానం తయారుచేశారు. ఫ్లయింగ్ క్లబ్బుల్లో నేర్పడానికే. గుడ్డ తొడుగు, 90 గుర్రాల ఇంజను, తోక కింద చక్రం. పేరు పెట్టినవాళ్ళకు ఓ దండం. రామాయణంలో పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది. ఈ పుష్పక్‌లో పట్టేది ఇద్దరు, గురువూ శిష్యులూ. హర్యానాలోని కర్నాల్‌లో ఒక తండ్రి తన కూతుర్ని అక్కడి ఫ్లయింగ్ క్లబ్బుకు తీసుకెళ్ళి ఈ పుష్పక్‌లో ఎక్కించాడు. ఆ పిల్ల కల్పనా చావ్లా. తర్వాత ఆమె గురించి నాసా రాసిన పరిచయంలో ఆమెకు ఇష్టమైనవి చెబుతూ, ఆకాశంలో పల్టీలు కొట్టడం, తోకచక్రం విమానాలు నడపడం అని రాశారు. రోదసిలోకి వెళ్ళొచ్చిన మనిషికి నేల మీద ఆ మొండి విమానం అంటే ఇష్టం.

పుష్పక్‌ను ఎరోంకా చీఫ్ అనే అమెరికా విమానాన్ని ఆధారం చేసుకుని తయారుచేశారు. మా పిల్ల నేర్చుకునే విమానం పేరు సిటాబ్రియా. అది ఆ చీఫ్‌కు తోబుట్టువైన చాంప్ నుంచి పుట్టింది. అంటే వరస కలిపితే టెక్సాస్ సిటాబ్రియాకూ మన పుష్పక్‌కూ చుట్టరికం ఉంది. ఇంగ్లీషులో పల్టీలు కొట్టేదానికి వాడే ఎయిర్‌బాటిక్ అన్న మాటను వెనక నుంచి చదివితే సిటాబ్రియా అవుతుందట. తెలుగు బీయే చదివిన నాకు ఈ ముక్క భలే నచ్చింది. మా చెల్లెలికి ఏమాత్రం నచ్చలేదు, "పేరే తిరగేసి పెట్టిన్రు, అది సక్కగ పోతదా" అంది.

ఇప్పుడు అవతలి వాదన. నేనొక్కదాన్నే మాట్లాడేస్తే న్యాయం కాదు.

మా ఆయన అన్నమాట: "రేపు ఆ పిల్ల కిరాయికి తీసుకుని నడుపుకునేది ముక్కుచక్రం విమానమే కదా. దేశంలో ఎక్కడా లేని దాని మీద నేర్చుకోవడం ఎందుకు? ఎడ్లబండి తోలడం నేర్చుకుంటేనే కారు వస్తుందా?" మాటలో బలం ఉంది. గంటలు ఎక్కువ పట్టొచ్చు, అంటే డబ్బు ఎక్కువ. నేల మీద విమానం తిరగబడి దెబ్బతినడం తోకచక్రంలోనే ఎక్కువ, బీమా కూడా ఎక్కువే. ముక్కుచక్రం కనిపెట్టినవాళ్ళు బద్ధకంతో కనిపెట్టలేదు, అది విమానాలను నేల మీద కాపాడింది. మన వైమానిక దళంలో కూడా ఒకప్పుడు హెచ్‌టీ-2 అనే తోకచక్రం విమానం మీద పాఠాలు మొదలయ్యేవి. తర్వాత ముక్కుచక్రం వాటికి మారారు. దుండిగల్‌లో నేర్చుకుని 2016లో యుద్ధ విమానాల పైలట్లైన ముగ్గురమ్మాయిలు, భావనా కాంత్, అవని చతుర్వేది, మోహనా సింగ్, తోకచక్రం ముట్టకుండానే అంతవాళ్ళయ్యారు. హైదరాబాదు పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రికి పుట్టిన సయ్యదా సల్వా ఫాతిమా బేగంపేట అకాడమీలో సెస్నా మీదే నేర్చుకుంది. ఆమె దారి తేలికగా నడిచిందని అనేవాళ్ళు ఆమె ఇంటి అద్దె కట్టి చూడాలి.

కాబట్టి తోకచక్రం మీద నేర్చుకోనివాళ్ళు తక్కువవాళ్ళని నేను అనడం లేదు. నా పేచీ అంతా ఎంచుకోవడం దగ్గర. దొరికింది ఒకటే అయితే దాని మీదే నేర్చుకుంటాం. రెండూ ఎదురుగా ఉండి, పిల్ల తెలిసి కష్టమైనదాన్ని ఎంచుకున్నప్పుడు, తేలికదాని వైపు తిప్పడం మన పని ఎలా అవుతుంది? మా తమ్ముడి కొడుకు గేర్ల బండి మీదే నేర్చుకుంటానన్నప్పుడు వనపర్తిలో ఎవరూ సమావేశం పెట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళున్నారు. "అవును, కష్టపడితేనే ఆడదానికి పని వస్తుంది" అని మన పెద్దవాళ్ళు చాలామంది అంటారు. కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండించుకుని, పొద్దున నాలుగింటికి లేచి, మాటలు పడి నేర్చుకున్నాం కాబట్టి కోడలు కూడా అలాగే నేర్చుకోవాలని. నేను చెప్పే కష్టం అది కాదు. ఆ సిటాబ్రియాలో ముందు సీట్లో ఒక కర్ర, వెనక సీట్లో ఒక కర్ర ఉంటాయి. పెడళ్ళు కూడా రెండు జతలు. పిల్ల కాలు ఆలస్యమైతే వెనక కూర్చున్న గురువు కాలు కదులుతుంది. ఎందుకు కదిలిందో ఆ తర్వాత చెబుతారు. మళ్ళీ అదే చేయిస్తారు. అత్తవారింట్లో మనకు రెండో జత పెడళ్ళు ఎవరి దగ్గరున్నాయి? విరిగాకే అందరూ వచ్చారు. గురువు పక్కన ఉండగా కష్టమైనదాన్ని నేర్చుకోవడం, ఒంటరిగా కష్టాల్లో పడెయ్యడం రెండూ ఒకటి కాదు. రెండోదాన్ని మనం కూతుళ్ళకు తెలిసీ తెలియక చాలాసార్లు చేస్తాం. ఇంట్లో పొయ్యి దగ్గరికి రానివ్వం, బ్యాంకు కాగితం ముట్టనివ్వం, తేలికగా పెంచామని మురుస్తాం. పెళ్ళైన మర్నాడు అన్నీ ఒకేసారి, నేర్పేవాళ్ళు లేకుండా, నెత్తిన పెడతాం.

తోకచక్రం విమానంలో నాకు నచ్చింది ఇదే. అది పొరపాటును దాచిపెట్టదు. నెమ్మదిగా పోతున్నప్పుడే, నేల మీదే, గురువు దగ్గరుండగానే తోక ఊపి చెప్పేస్తుంది. మంచిదై ఊరుకునే విమానం ఆ సంగతిని పక్కగాలి బలంగా వీచే ఏదో ఒక రోజుకి వాయిదా వేస్తుంది. ఆ రోజు పక్కన ఎవరుంటారో తెలియదు.

చెల్లెలికి ఇదంతా ఒక్క ఫోన్‌లో చెప్పలేదు. మూడు వారాలు పట్టింది. సంబంధం మాట మీద మాత్రం కాస్త గట్టిగానే అన్నాను. పిల్ల విమానం నడుపుతుందని తెలిసి వెనక్కి పోయే సంబంధం ముందే పోనీ, మంచిదే. మరిది మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే పిల్లకు ఫోన్ చేసి, ట్రాక్టరు ట్రాలీ రివర్స్ తీసే కిటుకు ఒకటి చెప్పాడట. ట్రాలీ వంకర పోయాక సర్దడం కాదు, పోబోతోందని తెలిసినప్పుడే చిన్నగా సర్దాలి, పెద్దగా తిప్పితే చెడిపోతుంది అని. పిల్ల నవ్వి, "నాన్నా, మా సార్ చెప్పేది కూడా అదే" అందట. నలభై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి, తన పని అమెరికాలో పాఠం అయినందుకు రెండు రోజులు నాగర్‌కర్నూలులో అందరికీ చెప్పుకున్నాడు.

పిల్ల ఇంకా ఒంటరిగా ఎగరలేదు. పద్నాలుగు గంటలైంది. కొంతమందికి ఎనిమిదికే ఇస్తారు, కొంతమందికి ఇరవై దాటుతాయి, తోకచక్రం మీద ఎక్కువే పడుతుంది. గురువు తొందరపెట్టడం లేదు, పిల్లా తొందరపడటం లేదు. పోయిన శనివారం పక్కగాలిలో దిగడం చేశారట. గాలి వచ్చే వైపు రెక్క దించి, అటు ఒక్క చక్రం మీద ముందు దిగి, ఎదురు కాలు వేసి ముక్కును తిన్నగా పట్టుకోవాలి. ఆరుసార్లు చేస్తే రెండుసార్లు గురువు కాలు వేయాల్సి వచ్చిందట.

"నాలుగుసార్లు దాని కాలేనా?" అని అడిగింది మా చెల్లెలు. అవునన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, అక్కడ ఈ ఆదివారం గాలి ఎంతుంటదో ఫోన్లో ఎట్ల చూడాలో చెప్పమంది.